“అన్ని ఓఎస్‌లలో నడుస్తుంది” అనే స్క్రిప్ట్ ప్యాక్ కొనేముందు జాగ్రత్త

బ్యాకప్‌కీ, పాత లాగ్‌లు తుడిచేయడానికీ అమ్మే షెల్ స్క్రిప్ట్ (కమాండ్లను వరుసగా నడిపే ఫైలు) ప్యాకుల మీద “లినక్స్, మ్యాక్, విండోస్ అన్నిట్లో రన్ అవుతుంది” అని ఉంటుంది. ఆ ఒక్క మాట చూసి డబ్బు కట్టకండి. ఒక్క లినక్స్ మీదే రన్ చేసి చూసి అమ్మకానికి పెట్టేసినా మాట మాత్రం అదే.

ముందు ఫైలు మొదటి లైను చూడండి, దాన్ని ఏ షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం) నడపాలో అక్కడే ఉంటుంది. అక్కడ స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్ అని ఉండి, లోపల ఇఫ్ పక్కన జంట చదరపు బ్రాకెట్లు ఉంటే ప్రమాదమే. ఉబుంటు అనే లినక్స్‌లో, 2006లో వచ్చిన 6.10 నుంచీ ఎస్‌హెచ్ అంటే బ్యాష్ అనే షెల్ కాదు, డ్యాష్ అనే మరో షెల్. బ్యాష్‌లో చెల్లే జంట బ్రాకెట్ దానికి తెలీదు. “నాట్ ఫౌండ్” అని ఆగిపోయినా బాగుండేది, ఆగదు! కండిషన్ ఫాల్స్ అయినట్టు లెక్కేసుకుని ఎల్స్‌లోకి వెళ్లిపోతుంది. ఎర్రర్ వస్తే ఆగిపొమ్మనే సెట్ మైనస్ ఈ పెట్టినా ఇఫ్ కండిషన్‌లో ఫెయిలైనదాన్ని అది పట్టించుకోదు. ఆ ఎల్స్‌లో ఆర్ఎం కమాండ్ ఉంటే ఫైళ్లు పోయినట్టే.

మ్యాక్‌లో గొడవ, ఫైల్లోని మాటల్ని అక్కడికక్కడే మార్చే సెడ్ మైనస్ ఐ కమాండ్‌తో. అక్కడున్నది లినక్స్‌లోదానికి వేరైన బీఎస్‌డీ రకం సెడ్, మైనస్ ఐ తర్వాత బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ కావాలంటుంది. వెనకే మైనస్ ఈ రాసి ఉంటే దాన్నే ఎక్స్‌టెన్షన్ అనుకుంటుంది. ఎర్రర్ రాదు, పని జరుగుతుంది, కానీ ఫోల్డర్ నిండా పేరు చివర మైనస్ ఈ తగిలించుకున్న కాపీలు మిగులుతాయి. మైనస్ ఐకి ఖాళీ లేకుండా డాట్ బీఏకే అతికించి రాస్తే రెండు చోట్లా నడుస్తుంది. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ 3.2 కాబట్టి, 4.0లో వచ్చిన అసోసియేటివ్ అర్రేలు (పేరుతో విలువను వెతికే జాబితాలు) కూడా అక్కడ పనిచేయవు.

విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్, గిట్ బ్యాష్ లాంటి, షెల్ స్క్రిప్ట్‌లు నడిపే అదనపు సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి లేనిదే ఇవి కదలవు. ఆ సంగతి ప్యాక్ వివరాల్లో రాశారో లేదో చూడండి. విండోస్ లైన్ ఎండింగులతో సేవ్ చేసిన ఫైలైతే లినక్స్‌లో “బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్” లాంటి ఎర్రర్ ఇస్తుంది. ఆ లైన్ ఎండింగులను మార్చే డాస్‌టుయూనిక్స్ టూల్ ఒక్కసారి నడిపితే సరి.

కొనేముందు శాంపిల్‌గా ఒక స్క్రిప్ట్ అడిగి, స్క్రిప్ట్‌లో తప్పులు పట్టే షెల్‌చెక్ టూల్‌లో వేయండి. “డ్యాష్ మైనస్ ఎన్‌లో పాసైంది” అని అమ్మేవాళ్లు స్క్రీన్‌షాట్ చూపిస్తే ఒప్పుకోవద్దు. అది సింటాక్స్ మాత్రమే చూస్తుంది, జంట బ్రాకెట్‌ని ఏదో కమాండ్ పేరనుకుని వదిలేస్తుంది. ఏ ఓఎస్, ఏ వెర్షన్, ఏ షెల్ మీద టెస్ట్ చేశారో రాతపూర్వకంగా అడగండి. “అన్నీ లేటెస్టే” అన్న జవాబొస్తే డబ్బు కట్టకండి.