ఆరేళ్లుగా వాడుతున్న 2 హెచ్‌పీ కంప్రెసర్: ముందు ప్లేటు చదవండి

ఖమ్మంలో నాది కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. పెయింట్ గన్‌కి గాలి ఇచ్చే ఇప్పుడున్న 2 హెచ్‌పీ బెల్ట్ కంప్రెసర్‌కి ఆరేళ్లు నిండాయి. అంతకుముందు కొని మోసపోయిన దాని సంగతి చెప్తేగాని దీని విలువ తెలియదు.

అది డైరెక్ట్ డ్రైవ్, అంటే బెల్ట్ లేకుండా మోటారే నేరుగా తిప్పేది. ట్యాంకు మీద ఎర్ర స్టిక్కర్, ఇంతింత అక్షరాలతో 3 హెచ్‌పీ. ధర కూడా తక్కువే, మారు మాట్లాడకుండా తెచ్చేసుకున్నా. బానెట్‌కి ప్రైమర్ కొడుతుంటే సగంలోనే గన్‌లో ప్రెషర్ పడిపోయేది. ఇంకాసేపటికి మోటార్ వేడెక్కి దానంతటదే ఆగిపోయేది. చివరికి వైండింగ్ చేసే పెద్దాయన్ని పిలిచా. ఆయన స్టిక్కర్ వైపు చూడనైనా లేదు. మోటార్‌కి ఉన్న చిన్న ప్లేటు మీద దుమ్ము గుడ్డతో తుడిచాడు. 1.1 కిలోవాట్లు. "హెచ్‌పీకి 746 వాట్లు బాబూ, లెక్కేసుకో" అన్నాడు. ఒకటిన్నర కూడా రాలేదు. స్టిక్కర్ మీద వేసింది పీక్ హెచ్‌పీ అట, అంటే క్షణం పాటు లాగేది.

ఈసారి ప్లేటు చదివే కొన్నా: 1.5 కిలోవాట్లు, 1440 ఆర్‌పీఎం, డ్యూటీ ఎస్1, అంటే ఆపకుండా తిరిగినా తట్టుకునేది. పాతది 2800 మీద అరిచేది. దీంట్లో బెల్ట్ వల్ల హెడ్, అంటే గాలిని నొక్కే పిస్టన్ భాగం, ఇంకా నిదానంగా తిరుగుతుంది. బెల్ట్ తిప్పే పెద్ద చక్రం ఫ్లైవీల్, దాని ఆకులే ఫ్యాన్‌లా హెడ్ రెక్కల మీదికి గాలి కొడతాయి.

అంత మంచి మెషీన్‌ని కూడా మొదటి మే నెలలో నేనే చంపబోయాను. జాగా కలిసొస్తుందని ఫ్లైవీల్ వైపు గోడకి ఆనించా. రేకుల షెడ్డు, బయట నలభై నాలుగు డిగ్రీలు. రోజుకి రెండుసార్లు ఓవర్‌లోడ్ ట్రిప్, అంటే లోడు ఎక్కువై మోటార్ దానంతటదే ఆగిపోవడం. మెషీన్‌ని అడుగున్నర ముందుకి లాగితే ఆ ట్రిప్ అవడం మానింది. పుట్టీ రుద్దిన పొడి, ఆయిల్ కలిసి రెక్కల మధ్య పేరుకుంటుంది, వారానికోసారి ఊదేస్తా. ఎండాకాలం మధ్యాహ్నాలు వోల్టేజ్ 190కి పడిపోతే మోటార్ కరెంట్ ఎక్కువ లాగి ఇంకా వేడెక్కుతుంది. అందుకే పెద్ద పనులు పొద్దున్నే పెట్టుకుంటా.

ఆరేళ్లలో రెండు బెల్టులు, ఒక కెపాసిటర్ మార్చా. దీనికి చెప్పిన 8 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి) పిస్టన్ కొలతల మీద వేసిన లెక్క. ప్రెషర్ మీద చేతికొచ్చేది ఆరులోపే. గన్‌కి సరిపోతుంది. ఎయిర్ శాండర్ (గాలితో నడిచే రుద్దుడు మెషీన్) మాత్రం దీని మీద నడవదు, కొన్నది అటక మీదే ఉంది.