డెల్టాలో "లోయ ట్రెక్" అని ఎవరైనా అమ్మితే కొనకండి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి తోడల్లుడి వాళ్లు వచ్చారు. ఎప్పుడూ బిర్యానీ, సినిమాలేనా, ఈసారి పిల్లలకి ఏదైనా చూపిద్దామని ఫోన్‌లో వెతికితే ఒక ప్రకటన కనిపించింది. "గోదావరి లోయలో ఆరు కిలోమీటర్ల నడక, కాటన్ దొర కాలం నాటి నీటి కట్టడాల శిథిలాలు, గైడు, భోజనం, లైఫ్ జాకెట్లు, అన్ని అనుమతులూ మావే" అని రాసి ఉంది. మనిషికి 2,800. ఎర్రటి రాతి గోడల మధ్య సన్నటి దారి, పక్కనే తుప్పు పట్టిన పెద్ద ఇనుప గొట్టం, అదీ ఫొటో. అది చూసి పడిపోయాం. ఐదుగురికి కలిపి సగం డబ్బులు అడ్వాన్సు కొట్టేశాను.

నేను పుట్టిందే కోనసీమలో. ధవళేశ్వరం దాటాక అంతర్వేది దాకా ఎక్కడైనా ఒక్క కొండ చూశానా? లేదు. మరి లోయ ఎక్కడి నుంచి వస్తుందని ఒక్క క్షణం ఆలోచించలేదు, నా తెలివికి నేనే మొట్టుకోవాలి. గోదావరికి కొండల మధ్య ఇరుకు దారి ఉన్నది పాపికొండల దగ్గర, అది పోలవరానికి ఎగువన. అక్కడికి వెళ్లేది లాంచీ మీద.

పొద్దున్న ఆరింటికి రాజమండ్రిలో ఎక్కించుకున్న వ్యాను ఎగువకి పోకుండా రావులపాలెం వైపు తిరిగింది. గైడుని అడిగితే "అటు నీళ్లు ఎక్కువున్నాయండి, రూటు మార్చాం" అన్నాడు. చివరికి పి.గన్నవరం దగ్గర ఏటిగట్టు మీద దింపి, ఇదే ట్రెక్ అన్నాడు. గట్టు మీద రెండు కిలోమీటర్లు కూడా నడవలేదు, కంపచెట్లు, గేదెలు, ఎండ. ఒక చోట కూలిపోయిన ఇటుకగోడ చూపించి పాత ఆనకట్ట ఇదేనన్నాడు. గట్టు మీద గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి నవ్వి, "ఆయ్, అది వాచ్‌మన్ ఉండే గదండి, మొన్న గాలివానకి పడిపోయింది. ఎవరండి మిమ్మల్ని ఇటు తీసుకొచ్చింది?" అన్నాడు. ఆనకట్ట ఉండేది ధవళేశ్వరంలో కదా, 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు, గైడు అన్నవాడికి అదైనా తెలియాలిగా.

నిజంగా చూడదగ్గది అక్కడ లేదా అంటే ఉంది, పాత అక్విడెక్టు. గోదావరి చీలిక వైనతేయ పాయ మీదుగా కాలువని కమానుల మీద ఎత్తి అవతలి లంకకి నీళ్లు పంపిన కట్టడం. కింద గోదావరి, పైన కాలువ. పక్కన కొత్తది కట్టారు, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మా తోడల్లుడి కొడుకు ఎన్ని కమానులంకుల్ అని గైడుని అడిగితే "ఇరవయ్యో ముప్పయ్యో" అన్నాడు. 49 అట, ఇంటికొచ్చాక చదివి నేనే చెప్పాను. ఆ మాట ముందే తెలిసి ఉంటే పిల్లాడు అక్కడే కూర్చుని లెక్కపెట్టేవాడు.

అసలు కోపం దీని గురించి కాదు. ఫొటోలు బాగా వస్తాయని పాచి పట్టిన పిట్టగోడ మీద నడవమన్నాడు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు వదిలిన రోజులు, కాలువ నిండా పారుతోంది. పిల్లాడు జారి మోకాలి దాకా నీళ్లలోకి దిగిపోయాడు, మా ఆవిడ చొక్కా పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లైఫ్ జాకెట్లేవయ్యా అంటే "అవి బోటు ప్యాకేజీకండి" అన్నాడు. భోజనం అంటే ఉదయం కట్టిన పులిహోర పొట్లాలు, రెండు పాచిపోయాయి కూడా. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి అంతమంది పోయాక కూడా నీళ్ల దగ్గర ఇంత నిర్లక్ష్యమా అని మా అత్తగారు వాణ్ణి అక్కడే కడిగేసింది.

మిగతా సగం ఇవ్వనన్నాను. వ్యాను ఎక్కించుకోనన్నాడు, పిల్లలు ఉన్నారని ఇచ్చేశాను. రసీదు అడిగితే ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఉందిగా అన్నాడు. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తలేదు. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను, ప్రకటన స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోవడం పనికొచ్చింది. మీరూ కొనే ముందే తీసి పెట్టుకోండి, ఎక్కడ దింపుతారో ఊరి పేరుతో రాసిమ్మని అడగండి, రాయనంటే అక్కడితో వదిలేయండి.

ఇవన్నీ చూడాలనుంటే ఎవరికీ ప్యాకేజీ అక్కర్లేదు. ధవళేశ్వరంలో బ్యారేజీ, కాటన్ మ్యూజియం పక్కపక్కనే, రాజమండ్రి నుంచి ఆటోలో పోవచ్చు. పి.గన్నవరం అక్విడెక్టుకి బస్సు దిగి నడిచిపోవచ్చు, గోడలెక్కకుండా రోడ్డు మీద నుంచి చూస్తేనే బాగుంటుంది.

ఇందాక ఆ పేజీ మళ్లీ తెరిచి చూశాను. అదే ఎర్రరాళ్ల ఫొటో, అదే ఇనుప గొట్టం. ఈసారి శివరాత్రి స్పెషల్ అట, మనిషికి 3,200.