ఒంటిచేతి పచ్చళ్ల వ్యాపారానికి అండగా నిలిచిన అకౌంట్ల కార్యాలయం

బెంగళూరులో ఆరేళ్లు ఒంటిచేత్తో ఆవకాయ, గోంగూర పచ్చళ్లు పెట్టి అమ్మిన నేను, నలుగురు పనివారిని పెట్టుకుని హైదరాబాదుకు కూడా సరుకు పంపాలనుకున్నప్పుడు మల్లేశ్వరంలోని ఒక చిన్న అకౌంట్ల కార్యాలయాన్ని ఆశ్రయించాను. ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటేవరకు జీఎస్టీ అక్కర్లేదన్న నా నమ్మకాన్ని వారు మొదటిరోజే సరిదిద్దారు. నా పచ్చళ్లవంటి సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా నమోదు తప్పనిసరి. ఇంటి డబ్బును, వ్యాపారపు డబ్బును వేరు చేయించి, ఇన్నాళ్లూ నేను లెక్కలోకే తీసుకోని నా సొంత శ్రమకు కూడా వెల కట్టించాకే, కిలో ఆవకాయపై నిజంగా మిగిలేది నేననుకున్నదానిలో సగమేనని తెలిసింది. ఆ ఒక్క లెక్కకే వారి రుసుము గిట్టుబాటైందని నా అభిప్రాయం. నెలవారీ జీఎస్టీ రిటర్నుకు గడువైన 20వ తేదీ దగ్గరపడితే మాత్రం వారు ఫోనుకు దొరకరు. కొత్తగా చేరేవారు తమ కాగితాలను పదో తేదీలోపే అప్పగించడం మంచిది.