కంచు కవచానికి సిటడెల్ రంగులు: ఏది కొనాలి, ఏది ఆగొచ్చు

కంచు అనగానే చాలామంది బంగారు రంగు డబ్బా తెరుస్తారు. 28 మి.మీ. గ్రీకు హాప్లైట్ (కవచం తొడిగే పదాతి సైనికుడు) బొమ్మకి అది పూస్తే కవచం వన్‌గ్రామ్ గోల్డ్ నగలా తయారవుతుంది. పాతబడ్డ కంచులో పసుపు ఎత్తుల మీదే కనిపిస్తుంది, సందుల్లో అంతా గోధుమరంగే. అనుమానముంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో కంచు విగ్రహాల ముందు కాసేపు నిలబడండి. ఉబ్బెత్తు చోట్ల మెరుపు, మడతల్లో దాదాపు నలుపు. బొమ్మ మీద తేవాల్సింది ఆ తేడానే. బొమ్మల ఆటలు తయారుచేసే బ్రిటిష్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల సిటడెల్ వరసలో అందుకు నాలుగు డబ్బాలు చాలు. దిగుమతి సరుకు, చవక కాదు కాబట్టి ఏది ముందు కొనాలో తెలిసి కొనడం మంచిది.

మొదటిది వార్ప్‌లాక్ బ్రాంజ్. కింది పూతకి వాడే బేస్ రకం, 12 మి.లీ. తెరిచి చూస్తే వాడేసిన ఇంజన్ ఆయిల్‌లా ఉంటుంది, తప్పు రంగు వచ్చిందేమో అనిపిస్తుంది. అదే దాని గొప్ప. నల్ల ప్రైమర్ మీద రెండు పల్చటి పూతలకే పూర్తిగా పట్టేస్తుంది. నీళ్ల విషయంలో మాత్రం చెయ్యి బిగించాలి. నాలుగు పాళ్ల రంగుకి ఒక పాలు నీళ్లు, అంతే. ఎక్కువైతే మెరుపునిచ్చే రేకులు జిగురును వదిలేసి గుంటల్లోకి జారిపోతాయి, ఎత్తుల మీద మచ్చలు మిగులుతాయి. ఆరడం మొదలయ్యాక మళ్లీ కుంచె తిప్పకూడదు. పడుకోవాల్సిన రేకులు అడ్డంగా లేచి చారలు పడతాయి. ఒక పూత వేసి, పదిహేను నిమిషాలు వదిలేసి, తర్వాతే రెండోది.

దాని మీద బాల్తజార్ గోల్డ్. పేరు గోల్డే గానీ తీరు కంచుదే. ఛాతీ కవచం కండరాల మీద, శిరస్త్రాణం నెత్తిన, పిక్కల కవచం ముందు భాగాన మాత్రమే వేసి, సందుల్లో వార్ప్‌లాక్‌ని అలాగే కనబడనివ్వాలి.

వాష్, అంటే సందుల్లోకి జారి నీడ తెచ్చే పల్చటి రంగు, దాని దగ్గరే ఎక్కువ బొమ్మలు పాడవుతాయి. అగ్రాక్స్ ఎర్త్‌షేడ్ 18 మి.లీ. డబ్బా. గోధుమరంగు నీడ, పాతబడిన కంచుకి సరిగ్గా సరిపోతుంది. ఇంకాస్త ఎరుపు కావాలంటే రైక్‌లాండ్ ఫ్లెష్‌షేడ్. బొమ్మంతా ముంచేస్తే చదునైన చోట అంచుల్లో వలయాలు పడతాయి, గచ్చు మీద ఒలికిన టీ ఆరినట్టు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే మరీను. ముందు అంచు ఆరిపోయి, రంగంతా అక్కడికే చేరుతుంది. ఫ్యాన్ ఆపి, సందుల వెంట మాత్రమే వేసి, చదును మీద నిలిచినదాన్ని తడి కుంచెతో వెంటనే లాగేయాలి. జులై, ఆగస్టుల్లో ఆరడానికి గంట పట్టినా తొందరపడొద్దు.

వాష్‌ని పల్చన చేయాల్సి వస్తే బోరు నీళ్లు వాడకండి. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆరాక సందుల్లో తెల్లటి పొడి తేలుతుంది. వార్నిష్ తప్పని తిట్టుకుంటారు గానీ తప్పు బకెట్‌ది. ఆర్‌ఓ నీళ్లు చాలు.

చివరి మెరుపుకి రూన్‌లార్డ్ బ్రాస్. కాస్త వెండి కలిసిన లేత ఇత్తడి. అంచుల మీద, రివెట్ల మీద గీతలా పడాలి. ఎండ నేరుగా తగిలే ఒకటి రెండు చోట్ల, అంటే శిరస్త్రాణం శిఖరాన, భుజం మీద, దానికి మూడో వంతు స్టార్మ్‌హోస్ట్ సిల్వర్ కలిపి చుక్క పెడితే చాలు. వెండి డబ్బా ఎలాగూ కత్తులకు కొంటారు, అదే ఇక్కడికీ వస్తుంది.

సిటడెల్‌లోనే ఉన్న నిహిలాక్ ఆక్సైడ్ కొనడం ఆగొచ్చు. చిలుము రంగుకి తయారుచేసిందే, బాగానే ఉంటుంది. కానీ రోజూ తోమి మెరిపించే సైనికుడి కవచానికి చిలుమెందుకు? పాడుబడ్డ విగ్రహానికో, సమాధిలోంచి లేచిన అస్థిపంజరాలకో అయితే కొనండి. అప్పుడు కూడా మూడింతల నీళ్లు కలిపి, సందుల్లో వదిలి, ఎత్తుల మీదిది వేలితో తుడిచేయాలి. నేరుగా వేస్తే సున్నం కొట్టినట్టుంటుంది.

వెట్ పాలెట్ (రంగు ఆరకుండా కింద తడి ఉండే పళ్లెం) అలవాటున్నవాళ్లు ఈ రంగులకు దాన్ని పక్కన పెట్టాలి. కింది తడికి రంగు పల్చబడి, రేకులు పక్క రంగుల్లోకి పాకుతాయి. పింగాణీ టైల్ ముక్క మీద రెండేసి చుక్కలు తీసుకోవడమే మేలు. మే నెలలో ఆ రెండు చుక్కలు కూడా నిమిషాల్లో బిగుసుకుంటాయి, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ చుక్క కలపండి. కుంచె కడిగే గ్లాసు వేరే ఉండాలి. లేకపోతే తర్వాత వేసే ఎర్ర అంగీ మీద మెరుపు రజను తేలుతుంది. సింథటిక్ కుంచె వాడండి, జంతు రోమాలతో చేసే సేబుల్ కుంచె మొనని ఈ రేకులు పాడుచేస్తాయి.

కోఠి, సుల్తాన్‌బజార్ దుకాణాల్లో దొరికే, బట్టల మీద వేసే మెటాలిక్ రంగులు దీనికి బదులు పనికొస్తాయా? ఈ సైజు బొమ్మ మీద వాటి రేణువులు ముగ్గులో చల్లిన మెరుపుపొడిలా విడివిడిగా కనిపిస్తాయి. పెద్ద బొమ్మలకైతే సరే.

సిటడెల్‌కి బదులు కావాలంటే, స్పెయిన్ కంపెనీ వయేహో (Vallejo) వాళ్ల మోడల్ కలర్ వరసలో 70.998 నంబరు బ్రాంజ్ ఉంది. డ్రాపర్ సీసా కాబట్టి పాళ్లు చుక్కల్లో లెక్కపెట్టుకోవచ్చు, ఆ సుఖం డబ్బాలో లేదు. బాగా కుదపకుండా పిండితే ముందు ఉత్త ద్రవమే వస్తుంది. కుదిపేందుకు లోపల గుండు వేసేవాళ్లు సైకిల్ బేరింగ్ గుండు వేయకండి, తుప్పు పట్టి రంగు చెడుతుంది. రాణిగంజ్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ గుండ్లు అడగండి.

మెరుపు లేని మ్యాట్ వార్నిష్ మొత్తం బొమ్మకు కొడితే ఇంత పనీ బూడిదే. అందులోని పొడి వెలుతురుని చెదరగొట్టి లోహాన్ని మట్టి చేస్తుంది. ముందు మ్యాట్ కొట్టి, ఆరాక కవచానికి మాత్రం కుంచెతో కాస్త మెరుపుండే శాటిన్ వార్నిష్ వేయండి. వాన పడే రోజు స్ప్రే డబ్బా ముట్టుకోవద్దు, గాలిలో తేమకు పూత తెల్లగా పొగబారుతుంది.