డార్విన్ ఉత్తరాలతో ఏడేళ్లు

రాత్రి పడుకునే ముందు డార్విన్ రాసిన ఉత్తరమో, ఆయనకు వచ్చిన ఉత్తరమో ఒకటి చదవడం ఏడేళ్లుగా నాకు అలవాటు. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. పరిణామం పాఠానికి ఏదైనా కొత్త విషయం దొరుకుతుందేమోనని మొదలుపెట్టి, ఇక వదల్లేకపోయాను.

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీలో డార్విన్ కరెస్పాండెన్స్ ప్రాజెక్ట్ 1974లో మొదలైంది. మొదటి సంపుటం 1985లో, చివరిదైన ముప్పయ్యోది 2023లో అచ్చయ్యాయి. మొత్తం 15 వేలకు పైగా ఉత్తరాలు. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

మొదట్లో నేను చేసిన పొరపాటు పేరున్న ఉత్తరాలనే వెతుక్కోవడం. జాతులు మారతాయని చెప్పడం హత్య చేశానని ఒప్పుకున్నట్టుగా ఉందంటూ 1844 జనవరి 11న తన స్నేహితుడు, వృక్షశాస్త్రజ్ఞుడు హుకర్‌కి రాసింది అందరికీ తెలిసిందే. అలా ఏరుకుని చదివితే సామెతల పుస్తకం తిరగేసినట్టే ఉంటుంది. ఒక మనిషిని పట్టుకుని, తేదీల వరసలో చదవండి. నేను హుకర్‌ని పట్టుకున్నాను.

అలా వెళ్తుంటే 1858 జూన్ వచ్చింది. జాతులు ఎలా మారతాయన్న దాని మీద డార్విన్ ఇరవై ఏళ్లుగా మోస్తున్న ఆలోచననే వాలెస్ అనే మరో ప్రకృతి శాస్త్రజ్ఞుడు కాగితం మీద పెట్టి ఆయనకు పంపాడు. అదే సమయంలో డార్విన్ ఇంట్లో స్కార్లెట్ ఫీవర్. ఏడాదిన్నర కొడుకు చార్లెస్ 28న చనిపోయాడు. 29న హుకర్‌కి రెండు ఉత్తరాలు వెళ్లాయి. రెండోదాంతో పాటు తన 1844 నాటి వ్యాసం కూడా పంపాడు. దాని మీద నీ చేతిరాత చూస్తే అప్పట్లో నువ్వు చదివావని నీకే గుర్తొస్తుందని రాశాడు. ఇప్పటికే ఆలస్యమైపోయిందేమో, నాకు పెద్దగా పట్టింపు లేదన్నాడు. జులై 1న లండన్లోని ప్రకృతి శాస్త్ర సంఘం లినియన్ సొసైటీలో ఇద్దరి రాతలూ చదివారు. పాఠ్యపుస్తకంలో ఇదంతా ఒక్క వాక్యం. ఆ రెండు ఉత్తరాలు చదివాక క్లాసులో ఆ వాక్యం దగ్గర నా గొంతు ఆగిపోతుంది.

మామూలు రోజుల ఉత్తరాలూ తక్కువేం కాదు. 1861 అక్టోబరులో భూగర్భ శాస్త్రజ్ఞుడు లయెల్‌కి రాస్తూ, ఒంట్లో బాగాలేదని, అందరి మీదా అన్నిటి మీదా అసహ్యంగా ఉందని అంటాడు. ఆరేళ్ల ముందు అదే లయెల్‌ని, మా ఇంటికొస్తే నా పావురాలు చూపిస్తానని, మనిషికి అంతకు మించిన విందు లేదని ఊరించాడు.

ఆ పావురాల దారి పట్టి వెళ్తేనే మనవైపు ఆనవాలు దొరికింది. 1856 జనవరిలో మద్రాసులో ఉన్న వాల్టర్ ఇలియట్‌కి రాశాడు: పెంపుడు పావురాల, కోళ్ల తోళ్లు ఈకలతో సహా పంపగలరా అని. ఈ ఇలియట్ ఉత్తర సర్కారులకు కమిషనర్‌గా చేసినవాడు, 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించినవాడు. తెలుగు జిల్లాల మొక్కలకు తెలుగు పేర్లతో 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అచ్చువేసిందీ ఆయనే. అదే ఏడాది వచ్చిన డార్విన్ పుస్తకం ‘ఆన్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ మొదటి అధ్యాయంలో, భారతదేశం నుంచి తోళ్లు పంపినందుకు ఇలియట్‌కి కృతజ్ఞత కనిపిస్తుంది. ఆ పేరును నేను ఎన్నిసార్లు దాటేసి వెళ్లానో! ఉత్తరాల కింద ఫుట్‌నోట్లు వదలొద్దని అందుకే అంటున్నాను. ఎవరు ఎవరో చెప్పేది అవే.

కష్టాలూ ఉన్నాయి. ఆయన మాటల్ని కుదించి రాసిన తీరును సంపాదకులు అలాగే ఉంచారు. అది సరైన పనే గానీ, అలవాటుపడేసరికి నాకు రెండు నెలలు పట్టింది. అసలు వెలితి 1862కి ముందు కాలంలో ఉంది. తనకొచ్చిన ఉత్తరాల్ని ఇనప చువ్వలకు గుచ్చి, చువ్వలు నిండితే పాతవి కాల్చేసేవాడట. అందుకే ఆ ఏళ్లలో చాలాచోట్ల డార్విన్ ప్రశ్న ఉంటుంది, జవాబు ఉండదు. ఫోన్‌లో ఒక వైపు మాటలే వింటున్నట్టు ఉంటుంది.

ఈ అలవాటు ఇప్పుడు ఖగోళ శాస్త్రజ్ఞుల వైపు మళ్లింది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని గుంటూరులో చూసిన ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఫ్రెంచ్ సైన్స్ అకాడమీకి రాసిన ఉత్తరం సెప్టెంబరు 19 తేదీతో మా కాకినాడ నుంచే వెళ్లింది. గ్రహణం లేకపోయినా సూర్యుడి అంచున లేచే జ్వాలల్ని, కాంతిని రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్‌తో చూడొచ్చన్నది అందులో కబురు. ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అదే పని విడిగా చేశాడు. ఇద్దరి వార్తలూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో చదివారు. గుంటూరు నుంచి ఇప్పుడే వచ్చాను, టపా వెళ్లిపోతోంది, తొందరలో రాస్తున్నానన్నది జాన్సెన్ మొదటి మాట. దాన్ని ప్రింట్ తీసి క్లాసులో గోడకు అంటించాను.