దూరపు పరుగులో ఎవరిది పైచేయి: గుర్రానిదా, మనిషిదా?

కొద్ది దూరానికైతే ఈ ప్రశ్నే అనవసరం. మేటి గుర్రం గంటకు 60 కి.మీ. దాటి దౌడు తీస్తుంది. ఉసేన్ బోల్ట్ అత్యధిక వేగం 44 దగ్గరే ఆగింది. ముప్పై కిలోమీటర్లు దాటాకే అసలు పోటీ.

వేల్స్‌లోని లాన్‌ఆర్టిడ్ వెల్స్ అనే చిన్న ఊళ్లో 1980 నుంచి మనుషులు, గుర్రాలు ఒకే కొండదారిలో సుమారు 35 కి.మీ. పోటీ పడుతున్నారు. మనిషి గెలవడానికి 2004 దాకా పట్టింది. హ్యూ లాబ్ 2 గంటల 5 నిమిషాల్లో ముగించి, ఏటేటా పేరుకుపోయిన 25,000 పౌండ్ల బహుమతి అందుకున్నాడు. తర్వాత 2007, 2022, 2023లలోనూ మనిషే నెగ్గాడు. గెలుపుల లెక్క చూస్తే గుర్రానిదే పైచేయి. అయినా గుర్రానికి అంత దగ్గరగా మనిషి ఎలా రాగలిగాడన్నదే నన్ను కట్టిపడేసే విషయం.

కారణం వేడి. అరటన్ను బరువున్న దేహం పరుగెత్తితే పుట్టే వేడి అంతా ఇంతా కాదు. అది బయటికి పోవడానికి చర్మం చాలదు: కిలో బరువుకు గుర్రానికున్న చర్మం మనిషికి ఉన్నదానిలో సగం కూడా ఉండదు. గుర్రానికీ ధారాళంగా చెమట పడుతుంది, గంటకు పది లీటర్ల పైనే. జీను కింద, తొడల మధ్య తెల్లని నురగ కడుతుంది. అయితే ఆ చెమటతో పాటు ఉప్పు కూడా విపరీతంగా పోతుంది. అలా రక్తంలో ఉప్పు గాఢత పెద్దగా పెరగదు కనుక ఒంట్లో నీరు తగ్గినా దాహం వెంటనే తెలియదు. మనిషి ఒంటికి దట్టమైన జూలు లేదు, స్వేదగ్రంథులు లక్షల్లో ఉన్నాయి. పైగా దౌడులో గుర్రం అంగకొక శ్వాస తీయక తప్పదు. మనిషి ఊపిరికి ఆ కట్టుబాటు లేదు.

చదునైన ఎడారి దారిలో 160 కి.మీ. పోటీ అయితే గుర్రానిదే విజయం. మేటి గుర్రాలు విరామాలు పోను గంటకు 20 కి.మీ. పైచిలుకు సగటుతో పూర్తి చేస్తాయి. మనిషి విషయానికొస్తే, 2022లో లిథువేనియా పరుగువీరుడు అలెగ్జాండర్ సొరోకిన్ 100 మైళ్లకు (సుమారు 160 కి.మీ.) 10 గంటల 51 నిమిషాలు తీసుకున్నాడు. అయితే ఆ విరామాలను పక్కన పెట్టేయడం న్యాయం కాదనిపిస్తుంది. ప్రతి మజిలీలో పశువైద్యుడు స్టెతస్కోపు పెట్టి గుండె వేగం లెక్కిస్తాడు. సాధారణంగా అది నిమిషానికి 64కు దిగాలి. పళ్ల చిగుళ్లను వేలితో నొక్కి ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూస్తాడు, మెడ మీద చర్మం పట్టి లాగుతాడు, కాస్త దూరం నడక, పరుగు పెట్టిస్తాడు. కుంటితే ఆ గుర్రం పోటీ అక్కడితో సరి. బాధను చెప్పుకోలేని జీవికి ఈ తనిఖీ ఉండి తీరాలి.

అందుకే చల్లని రోజున, మెత్తని నేల మీద గుర్రమే మేలంటాను. ఎండ ముదిరిన రాళ్లదారిలో మాత్రం మనిషి వైపే నిలబడతాను. కాలిఫోర్నియా కొండల్లో 24 గంటల్లో 100 మైళ్లు ముగించాల్సిన గుర్రపు పోటీ ఒకటుంది. 1973లో గోర్డీ ఎయిన్స్‌లీ గుర్రం 29వ మైలు దగ్గర కుంటి ఆగిపోయింది. మరుసటి ఏడు అతను గుర్రం లేకుండానే వచ్చాడు. గుర్రాల మధ్య పరుగెత్తి, 23 గంటల 42 నిమిషాల్లో గమ్యం చేరాడు.