12 అడుగుల కయాక్ మీద ఆరేళ్ళ గాలం వేట

గాలం వేయడానికే ఆరేళ్ళ క్రితం కొన్న కయాక్ గురించి, దానికి నేను బిగించిన సామగ్రి గురించి, బిగించి మళ్ళీ ఊడదీసిన సామగ్రి గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పడవ పొడవు 12 అడుగులు, వెడల్పు 33 అంగుళాలు, ఖాళీ బరువు 34 కిలోలు. పాలిథిలిన్ పొడిని తిరిగే అచ్చులో కరిగించి ఒకే ముక్కగా తయారుచేసిన పడవ ఇది. కాళ్ళు లోపలికి చాపుకుని కూర్చునే రకం కాదు, అన్ని వైపులా మూసి ఉన్న డొల్ల మీద కూర్చునే ‘సిట్ ఆన్ టాప్’ రకం. దీన్ని జలాశయాల్లోనూ, నెమ్మదిగా పారే ఏటిలోనూ, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరా వాడాను. మొదటి ఏడాదిలో నాకు గొప్పగా తోచిన సామగ్రిలో సగం ఇప్పుడు పడవ మీద లేదు. పడవను ఒంటరిగా నీటిదాకా చేర్చగలనా, నీటిలో పడితే తిరిగి ఎక్కగలనా అనే రెండు ప్రశ్నలు కొనేటప్పుడు నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఏ వస్తువునైనా ఆ రెండు ప్రశ్నలతోనే తూస్తున్నాను.

మూసిన డొల్ల రకాన్ని ఎంచుకున్నందుకు ఇంతవరకు విచారించలేదు. పైకి వచ్చిన నీరు కూర్చునే చోట నిలవకుండా, పడవను నిలువునా దాటే రంధ్రాల గుండా కిందికి పోతుంది. లోపల కూర్చునే రకం బోల్తా పడితే నీటితో నిండుతుంది, ఆ నీటిని తోడకుండా దాన్ని నడపడం కష్టం. చలి దేశాల్లో తడవకుండా ఉండేందుకు అదే మేలని చెప్పేవారి మాటలో నిజం ఉంది. అయితే గాలం వేసేవాడు గంటకు పదిసార్లు పక్కకు తిరుగుతాడు, వెనక్కి చేయి చాస్తాడు, చేపను ఒడిలోకి లాగుతాడు. అందుకు తెరిచి ఉన్న పైభాగమే వీలుగా ఉంటుంది.

వెడల్పు విషయంలో చాలామంది పొరపడతారు, నేనూ పొరపడబోయాను. వెడల్పైన పడవ నిశ్చలమైన నీటిలో బల్లలా కదలకుండా ఉంటుంది. దాన్ని చూసి మురిసి, 38 అంగుళాల వెడల్పున్న 10 అడుగుల పడవను దాదాపు కొనేశాను. కూర్చోగానే తెలిసే ఆ నిలకడ వేరు, పడవ పక్కకు ఒరిగినప్పుడు ఇక ఒరగనని ఎదురుతిరిగే నిలకడ వేరు. అలలు పక్కనుంచి తగిలే చోట ప్రాణానికి భరోసా ఇచ్చేది ఆ రెండవదే. ఆర్కిటిక్ తీరంలో ఇన్యూట్ వేటగాళ్ళు సీలు తోళ్ళతో కుట్టుకున్న తొలి కయాక్‌లు ఎంతో సన్నగా, మనిషి ఒంటికి కొలిచి తొడిగినట్టు ఉండేవి; అవి కూర్చోగానే ఊగేవి, కానీ నేర్చినవాడి చేతిలో పెద్ద అలలను తట్టుకునేవి. మనకు అంత సన్నటి పడవ అక్కరలేదు. నిలబడి గాలం విసరాలన్న కోరిక బలంగా లేనివారికి 32 నుంచి 34 అంగుళాల వెడల్పు చాలునని నా అనుభవం.

పొడవు విషయంలో లెక్క సులభం. నీటి మీద ఆనే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే, పడవ తన అలను తాను దాటలేక ఆగిపోయే వేగం నాట్లలో (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వస్తుంది. 10 అడుగులకు అది సుమారు 4.2 నాట్లు, 12 అడుగులకు 4.6 నాట్లు. తేడా చిన్నదే, పైగా సామాను వేసుకుని రోజంతా తెడ్డు వేసే మనిషి ఆ వేగం దగ్గరికి పోడు. నేను మామూలుగా గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతాను. పొడవు నిజంగా అక్కరకు వచ్చేది ఎదురుగాలిలో: పొట్టి పడవ తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు తిప్పుతుంటే, పొడుగు పడవ గీసిన గీత మీద పోతుంది. తయారీదారు చెప్పిన మోత బరువును నమ్మి దానిదాకా నింపడం మాత్రం తగదు. నా పడవకు 180 కిలోలు రాసి ఉంది. 130 దాటితే కూర్చునే చోటి రంధ్రాల గుండా నీరు పైకి ఉబుకుతుంది, అలకు అంచు మునుగుతుంది. రాసిన బరువులో మూడింట రెండు వంతులకు మించకుండా మనిషినీ సామానునూ కలిపి లెక్కవేసుకోవాలి.

పడవ బరువును కొనేనాడు నేను పట్టించుకోలేదు. 34 కిలోలకు కుర్చీ, బ్యాటరీ, లంగరు, పెట్టె కలిస్తే దాదాపు 50 అయింది. మొదటి ఏడు, సాయానికి ఎవరూ లేరన్న ఒక్క కారణంతో మానుకున్న రోజులు లెక్కలేనన్ని. తర్వాత రెండు చక్రాల బండి కొన్నాను. అది పడవ రంధ్రాల్లోకి కింది నుంచి రెండు కమ్మీలు దూర్చి నిలబెట్టే రకం. బిగించడం సులువు, ఎగుడుదిగుడు దారిలో కూడా ఊడదు. కానీ నిండు సామానుతో రాళ్ళ మీద లాగినప్పుడు మొత్తం బరువు ఆ రంధ్రాల గోడల మీదే పడుతుందని నేను గ్రహించలేదు. మూడో ఏడు ఒక రంధ్రం అంచున వెంట్రుకంత బీట కనిపించింది. ఇప్పుడు పడవ అడుగును రెండు మెత్తటి దిండ్ల మీద మోస్తూ పట్టీతో బిగించే బండి వాడుతున్నాను, బరువైన సామానంతా నీటి ఒడ్డునే ఎక్కిస్తున్నాను.

కాళ్ళతో తొక్కే పడవల గురించి తరచూ అడుగుతారు. నీటి కింద రెండు రెక్కలను అటూఇటూ ఊపే యంత్రాన్ని హోబీ సంస్థ 1997లో తెచ్చింది. తరువాత సైకిలు తొక్కినట్టు తొక్కితే నీటి కింద పంకా తిరిగే రకాలూ వచ్చాయి. ఒక మిత్రుడి పడవను చాలా రోజులు తొక్కి చూశాను. చేతులు ఖాళీగా ఉండడం, గాలిలో ఒకేచోట పడవను ఆపుకుంటూ గాలం ఆడించగలగడం గొప్ప సౌకర్యం, దాన్ని తక్కువచేసి చెప్పను. అయితే ఆ యంత్రానికి పడవ కింద మోకాలి లోతు నీరు కావాలి, నాచులో అది చుట్టుకుపోతుంది, బరువూ ఖరీదూ బాగా పెరుగుతాయి. నేను వేటాడేది ఎక్కువగా లోతు లేని నాచు అంచుల్లో కాబట్టి తెడ్డునే అంటిపెట్టుకున్నాను. ఆ తెడ్డును మొదట 230 సెంటీమీటర్లది కొని పొరపాటు చేశాను. ఎత్తు కుర్చీలో కూర్చుని 33 అంగుళాల పడవను దాంతో తోస్తుంటే వేళ్ళు అంచుకు తగిలేవి, నీరు ఒళ్ళోకి కారేది. 250 సెంటీమీటర్ల ఫైబర్ గ్లాస్ తెడ్డు వచ్చాక ఆ బాధ తీరింది. గంటలో వెయ్యిసార్లకు పైగా ఎత్తే వస్తువు కాబట్టి, ఇక్కడ తగ్గిన ప్రతి వంద గ్రాములూ సాయంత్రానికి భుజాలకు తెలుస్తాయి.

రెండో ఏడు మొగ దగ్గర పడవ బోల్తా పడింది. అప్పటికి లంగరు తాడును కుర్చీ పక్కన, అంచుకు బిగించిన కొక్కేనికి కట్టేవాడిని. చేతికి అందుతుందని అదే మంచిదనుకున్నాను. పోటు నిలిచి, నీరు సముద్రం వైపు తిరుగుముఖం పట్టిన వేళ ప్రవాహం పడవ పక్కకు అడ్డంగా తగిలింది. లంగరు రాళ్ళలో ఇరుక్కుంది. తాడు అంచును కిందికి లాగుతుండగా, దాన్ని వదిలించుదామని నేనూ అటే వంగాను. ఆ తర్వాత ఆలోచించడానికి వ్యవధి లేకపోయింది. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉంది, తెడ్డు తాడుతో పడవకు కట్టి ఉంది. జాకెట్ జేబులోని చిన్న కత్తితో లంగరు తాడు కోసి, పడవను తిరగేశాను. అంతవరకు ఈతకొలనులో సాధన చేసినట్టే జరిగింది. ఎక్కబోయేసరికి ఎడమ అంచున నేను వరుసగా బిగించుకున్న రాడ్ స్టాండు, పటకారు కొక్కెం, కొలబద్ద జాకెట్ పట్టీలను పట్టుకున్నాయి. రెండుసార్లు జారిపడ్డాను, మూడోసారి చుట్టూ ఈది కుడివైపు నుంచి ఎక్కాను. రెండు రాడ్లు, ఎరల పెట్టె పోయాయి. చల్లటి నీటిలో గడిచిన ఆ పది నిమిషాల భయం ఇంకా నా మనసులో ఉంది.

ఆ వారమే కుడి అంచు మీద కుర్చీకి ముందు మూడడుగులు, వెనుక అడుగున్నర పూర్తిగా ఖాళీ చేశాను. ఎక్కే పద్ధతి ఇది: పడవ పక్కన నీటి మీద కాళ్ళు చాచి బలంగా తన్నుతూ, పొట్ట కుర్చీ మీదికి వచ్చేదాకా ఒంటిని లాగి, వెల్లకిలా తిరిగి కూర్చుని, ఆఖరున కాళ్ళు లోపలికి తేవాలి. ఆ దారిలో ఒక్క మేకు తల కూడా పైకి ఉండకూడదు. పడవకు ఏ వస్తువు బిగించే ముందైనా, అది తెడ్డు ఊపుకు అడ్డమా, ఎక్కే దారికి అడ్డమా అని చూసుకుంటాను. రెండింటిలో దేనికి అడ్డమైనా అది పడవ మీదికి రాదు.

లంగరు ఏర్పాటును మొదటినుంచి మార్చాను. పడవ ముందు కొసన అణియం దగ్గర ఒక కప్పీ, వెనుక కొసన అమరం దగ్గర ఒక కప్పీ బిగించి, వాటి మధ్య చుట్టుతాడు వేసి, ఆ తాడుకు ఒక ఉంగరం కట్టాను. లంగరు తాడు ఆ ఉంగరం గుండా పోతుంది. కుర్చీలోంచి కదలకుండానే ఉంగరాన్ని అణియానికో అమరానికో లాగేస్తే, పడవ ప్రవాహానికి ఎదురుగా గానీ వీపు చూపి గానీ నిలుస్తుంది, అడ్డంగా ఎన్నడూ నిలవదు. ఆరేళ్ళలో పడవకు చేసిన మార్పులన్నిటిలో అత్యంత విలువైనది ఇదే, అందుకు పట్టింది ఒక మధ్యాహ్నం పని. లంగరు కిలోన్నర బరువున్న నాలుగు కొక్కేల మడత రకం. తాడును లోతుకు మూడింతలైనా వదలాలి, గాలి ఉంటే ఐదింతలకు తగ్గకూడదు. గొలుసును లంగరు అడుగు కొసకు కట్టి, పై ఉంగరానికి సన్నటి ప్లాస్టిక్ పట్టీతో మాత్రమే ఆనించాను. లంగరు ఇరుక్కుంటే గట్టిగా లాగినప్పుడు ఆ పట్టీ తెగి, లంగరు వెనక నుంచి ఊడివస్తుంది. తాడు చివర ఒక పెద్ద బెండు ఉంది. పెద్ద చేప లాగినా, మోటారు పడవ మీదికి వచ్చినా, తాడును విప్పి బెండుతో సహా వదిలేసి, తర్వాత వచ్చి తీసుకోవచ్చు. నడుము లోతు నీటిలో లంగరు జోలికే పోకుండా బురదలో గుచ్చే కర్ర వాడతాను. బలమైన ప్రవాహంలో ఇంత ఏర్పాటు ఉన్నా లంగరు వేయను.

నీటిలోకి శబ్దాన్ని పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో చేపలనూ అడుగునూ తెర మీద చూపే యంత్రం ఫిష్ ఫైండర్. దాని విషయంలో నా అభిప్రాయం మెల్లగా మారింది. చేపల బొమ్మలు చూడడానికి కొన్నాను, ఇప్పుడు లోతూ అడుగు స్వభావమూ చూడడానికే వాడుతున్నాను. 200 కిలోహెర్ట్జ్ వద్ద సుమారు 20 డిగ్రీల కోణంలో చూసే నా యంత్రం, 6 మీటర్ల లోతులో అడుగున రెండు మీటర్ల వెడల్పు వలయాన్ని మాత్రమే చూస్తుంది. కాబట్టి తెర మీద ఏమీ లేకపోతే చేపలు లేవని కాదు, పడవ సరిగ్గా కింద లేవని అర్థం. శబ్దాన్ని పంపే ముక్కను మొదట డొల్ల లోపలే అంటించాను. లోతు సరిగానే చూపింది, కానీ నీటి ఉష్ణోగ్రత బదులు డొల్ల లోపలి ఉష్ణోగ్రత చూపేది. తర్వాత దాన్ని పడవ అడుగున ఉన్న పల్లంలోకి, నేలకు రాసుకోకుండా మార్చాను. రెండున్నర కిలోల సీసపు బ్యాటరీ స్థానంలో కిలోకు లోపు బరువున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వచ్చాక, బరువు తగ్గడమే కాక రోజంతా తెర మసకబారకుండా నిలిచింది.

రాడ్ స్టాండ్లు మొదట నాలుగు ఉండేవి, ఇప్పుడు కుర్చీ వెనుక రెండే ఉన్నాయి. పడవకు కొత్తగా రంధ్రం వేయడానికి తొందరపడవద్దు. మొదటి నెలంతా వస్తువులను పట్టీలతో కట్టుకుని వాడితే, చేయి సహజంగా ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. నేను తొందరపడి వేసిన మూడు రంధ్రాలు ఇవాళ బిరడాలతో మూసి ఉన్నాయి. పాలిథిలిన్‌కు జిగురు సరిగా అంటదు కాబట్టి, మరలకు వెనుక వెడల్పాటి పలక వేసి బిగించాలి. ఉప్పునీటిలో వాడే పడవకు 316 రకం స్టెయిన్‌లెస్ మరలే పెట్టాలి. నేను పెట్టిన మామూలు మరలు ఏడాదిలోనే తుప్పు కక్కాయి.

కుర్చీ మీద కూర్చున్నప్పుడు మామూలు లైఫ్ జాకెట్ వెనుక భాగం మెడ మీదికి నెట్టుకొస్తుంది, అది చికాకై కొందరు జాకెట్ విప్పి పక్కన పెడతారు. వెనుక నురుగు పలక పైభాగంలోనే ఉండి, నడుము దగ్గర జాలీ ఉండే రకం కొన్నాక నేను దాన్ని ఒడ్డు చేరేదాకా విప్పలేదు. ఈల దానికే కట్టి ఉంటుంది.

ఇక బీట సంగతి. జిగురు పనికిరాదు కాబట్టి, అదే రకం పాలిథిలిన్ కడ్డీని వేడి పరికరంతో కరిగించి, బీట చివరన చిన్న రంధ్రం వేసి, అతుకు వేయించాను. ఎండ ఈ ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తుంది, అందుకని పడవను ఇప్పుడు నీడలో, రెండు వెడల్పాటి పట్టీల మీద బోర్లించి వేలాడదీస్తున్నాను. ఒకప్పుడు ఎండలో రెండు ఇటుకల మీద ఉంచినందుకు అడుగున పడిన సొట్ట, అడుగును ఎండకు తిప్పి బరువు తీసేశాక చాలావరకు దానంతట అదే లేచింది. వేట మొదలుపెట్టే కాలానికి ముందు ప్రతి ఏడూ డొల్లలోకి రెండు బకెట్ల నీరు పోసి, పడవను అటూఇటూ ఒరిపి, అతుకు చుట్టూ చేత్తో తడిమి చూస్తాను. ఈ ఏడు కూడా అతుకు పొడిగానే ఉంది.